మరమ్మతు వేళ బ్రహ్మస్థానం

తెలుగువారు ఇంటి స్వామిని ‘యజమాని’ అంటారు. ఈ మాట యాగశాల నుండి వచ్చినది. ద్రవ్యం సమకూర్చి, సంకల్పం చెప్పి, ఋత్విక్కులను వరించి యాగం చేయించేవాడు యజమానుడు. ఆ పదమే క్రమంగా ఇళ్ల గడపలు దాటి, చివరకు అద్దె ఒప్పంద పత్రాలలో స్థిరపడింది. యజమానుని విషయమై పూర్వమీమాంసలో ఒక సూక్ష్మమైన విచారణ ఉన్నది. కర్మను చేతులారా నిర్వహించేవారు ఋత్విక్కులు. ఫలం మాత్రం యజమానునికి చెందుతుంది. ఇది ఎట్లా పొసగుతుంది? దక్షిణ చేత అతడు వారిని ‘పరిక్రయం’ చేసుకున్నాడు, అనగా వారి శ్రమను కొన్నాడు, కనుక వారు చేసినది అతడు చేసినట్లే అని జైమినీయుల సమాధానం. ఋత్విక్కులందరూ తామే యజమానులైన సత్రయాగాలలో దక్షిణ ప్రసక్తే లేదు.

ఫలం యజమానునిదైతే మరి లోపం ఎవరిది? ఈ ప్రశ్న కొండాపూర్‌లో నాలుగవ అంతస్తున నివసించే ఒక గృహస్థుకు గ్రంథంలో కాక, తన స్నానాల గదిలో ఎదురైంది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ చుట్టుపక్కల అధికభాగం బండరాళ్లు, పొలాలు, చిన్న గ్రామాలు. పావు శతాబ్దంలోనే కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నల్లగండ్ల ప్రాంతాలలో అంతస్తుల మీద అంతస్తులు లేచినవి. వేగంగా లేచిన గోడలకు వేగంగానే వార్ధక్యం వచ్చింది. వేసవిలో బోరునీరు, ట్యాంకరు నీరే శరణ్యమైన భవనాలలో కుళాయిల మూతుల మీద తెల్లని లవణం పేరుకుంటుంది. గృహస్థు నివసించే భవనానికి పన్నెండేళ్లు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి 5 సంవత్సరాల లోపల నిర్మాణలోపాన్ని తెలియజేస్తే, నిర్మాత 30 రోజులలో ఉచితంగా సరిదిద్దవలసి ఉన్నది. ఆ గడువు ఏనాడో గతించింది.

ఒకనాటి సాయంకాలం క్రింది అంతస్తు వృద్ధురాలు మెట్లెక్కి వచ్చింది. “నాయనా, మా దేవుడి గదిలో పైకప్పు చెమ్మగిల్లుతున్నది. మొన్నటిదాకా మరక. నిన్న దీపం పెడితే వత్తి మీదనే చుక్క పడ్డది” అని చెప్పింది. ఆమె మాటలో ఫిర్యాదు లేదు, సంకోచమే ఎక్కువ. గృహస్థు క్రిందికి వెళ్లి చూశాడు. వేంకటేశ్వరుని పటం పైన కప్పు ఉబ్బి, తెల్లని పొరలుగా రాలుతున్నది. సరిగా దానిపైన ఉన్నది తన ఇంటి స్నానాల గది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. అపార్ట్‌మెంట్ కొనేటప్పుడు వాస్తుపండితుని వెంటబెట్టుకొని వెళ్లనివారు ఈ ప్రాంతంలో అరుదు. ఈశాన్యం పెరిగిందా, బ్రహ్మస్థానం ఖాళీగా ఉన్నదా అని అంగుళాలు కొలుస్తారు. పూజామందిరం నెత్తిన ఎవరి శౌచాలయం ఉన్నదో అడిగేవారు కనబడరు.

గృహస్థు లిఫ్టు గోడకు అంటించిన ఒక చీటీలోని నంబరుకు ఫోన్ చేశాడు. గంటలో కాంట్రాక్టర్ వచ్చాడు. శుభ్రమైన చొక్కా, చేతిలో ట్యాబ్. గదిలోకి అడుగు పెట్టకుండానే ద్వారం వద్ద నిలిచి, “టైల్స్ సందులు పోయాయి సార్. మీరేం టెన్షన్ పడకండి, పగలగొట్టే పని లేదు, కెమికల్ కోటింగ్ వేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది” అన్నాడు. పదహారు వేలు, అందులో పదివేలు ముందుగా, పదేళ్ల గ్యారంటీ. పగలగొట్టే పని లేదన్న మాట గృహస్థు చెవికి అమృతప్రాయమైంది. బేరం సైతం ఆడలేదు.

పని జరిగిన రెండు రోజులూ ఇద్దరు యువకులు వచ్చి చేశారు. కాంట్రాక్టర్ ఆరంభంలోను, డబ్బు పుచ్చుకునే వేళలోను మాత్రమే కనిపించాడు. గృహస్థు ప్రక్కగదిలో చెవులకు యంత్రం తగిలించుకొని అమెరికాలోని సహోద్యోగులతో సమావేశంలో ఉన్నాడు. రెండవనాటి సాయంత్రం కాంట్రాక్టర్ తన ఫోన్ చూపి, “సార్, ఒక్క ఫైవ్ స్టార్” అని అడిగాడు. గృహస్థు ఆ క్షణమే అయిదు నక్షత్రాలు ఇచ్చి, ‘అద్భుతమైన పని’ అని వ్రాశాడు కూడా. వారం రోజులు ఆ గది వాడవద్దని చెప్పారు. వాడలేదు, చుక్క ఆగింది. వాడడం మొదలుపెట్టిన నాలుగవనాడు వృద్ధురాలి దీపం మీద మళ్లీ చుక్క పడింది.

తరువాతి మాసమంతా ‘రేపు’ అనే ఒక్క పదంతో గడిచింది. రేపు వస్తాను, రేపు మనిషిని పంపుతాను, రేపు తప్పక. గీత పద్దెనిమిదవ అధ్యాయంలో భగవానుడు కర్తలను మూడు విధాలుగా విభజించి, తామసకర్త లక్షణాలలో చివరిదిగా దీర్ఘసూత్రతను చెప్పాడు. చేయవలసినదానిని సాగదీయడం. గృహస్థుకు ఆ శ్లోకం కంఠస్థం. భార్యకు వినిపించి, కాంట్రాక్టర్‌ను ఆ గణంలో చేర్చి, ఒకింత తృప్తి పొందాడు కూడా. అయితే ఆ విభాగం ఎదుటివానికి ముద్ర వేయడానికి చెప్పినది కాదు. సాధకుడు తన కర్తృత్వాన్ని పరీక్షించుకోవడానికి చెప్పినది. శాస్త్రాన్ని దర్పణంగా కాక దుర్భిణిగా వాడుకోవడం విద్యావంతులకు సులువుగా అబ్బే దోషం.

కౌటిల్యుడు ఈ విషయంలో మరింత కటువుగా, మరింత ఉపయుక్తంగా మాట్లాడతాడు. అర్థశాస్త్రం నాలుగవ అధికరణమైన కంటకశోధనం ‘కారుకరక్షణం’తోనే మొదలవుతుంది. స్థలం, కాలం, చేయవలసిన పని నిర్దేశించుకొని శిల్పులు పని చేయాలి. కాలం మీరితే వేతనంలో నాలుగవవంతు తగ్గించి, దానికి రెట్టింపు దండం విధించాలి. చెప్పినదానికి భిన్నంగా చేస్తే వేతనమే లేదు, పైపెచ్చు దండం. అదే కౌటిల్యుడు మూడవ అధికరణంలో భృత్యునికి వేతనం ఎగవేసే స్వామికి సైతం దండం విధించాడు. గృహస్థు తన ఒప్పందాన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూసుకున్నాడు. కాంట్రాక్టర్ ఇచ్చిన కాగితం మీద ఉన్నది ‘బాత్రూమ్ లీకేజ్ వర్క్’ అనే మూడు పదాలు. ఏ చోట, ఏ పదార్థంతో, ఏ పరీక్షకు నిలిస్తే పని పూర్తయినట్లు, అవేవీ లేవు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు ఉన్నది. అక్కడ చూపడానికి ఆ మూడు పదాలే ఉన్నాయి, వాటికి ఎదురుగా తాను స్వయంగా ఇచ్చిన అయిదు నక్షత్రాలు.

ఇంతలో ఒక ఆదివారం ఆ ఇద్దరు యువకులలో ఒకడు, మరచిపోయిన తాపీ కోసం వచ్చాడు. గృహస్థు అతనిపై కోపం చూపాడు. కుర్రవాడు తల వంచుకొని విని, “సార్, జాలీ కింద పైపు అనుమానంగా ఉందని ఆ రోజే చెప్పాను. నీకెందుకు, ఇచ్చిన డబ్బా పూసి రా అన్నాడు. నాకిచ్చింది రోజుకు ఆరువందలు” అన్నాడు. మరి తనతో ఎందుకు చెప్పలేదని గృహస్థు అడిగాడు. “మీరు మీటింగ్‌లో ఉన్నారు సార్.”

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు కర్మఫలంలో సమభాగులని పెద్దల మాట. గృహస్థు ఆ రాత్రి ఆ నాల్గింటిలో తన స్థానం లెక్కించుకున్నాడు. చేయించినవాడు తానే. ఆమోదించినవాడూ తానే, అదియు పరీక్షించకుండా, లిఖితపూర్వకంగా. ఆ నక్షత్రాలు చూసి మరెవరు పదివేలు ముందుగా ఇచ్చారో! అర్ధరాత్రి లేచి తన పాత వాక్యాన్ని తొలగించి, జరిగినది జరిగినట్లు వ్రాశాడు. కాంట్రాక్టర్ నుండి తక్షణమే ఫోన్ వచ్చింది. నెల రోజులలో అతడు తానుగా చేసిన మొదటి ఫోన్ అదే.

రెండవసారి ఆరవ అంతస్తువారి మాట మీద ఒక ప్లంబర్ వచ్చాడు. ఒడిశాలోని కేంద్రపడ జిల్లావాడు. ఆ జిల్లాలోని పట్టముండై ప్రాంతం ప్లంబర్లకు దేశమంతటా ప్రసిద్ధి. అక్కడ ఈ విద్య నేర్పే ప్రభుత్వ సంస్థ సైతం ఉన్నది. అతని తెలుగు సగం హిందీ. ధర అడిగితే, “పహలే చూడాలి సార్. చూడకుండా రేటు ఎట్లా చెప్తా?” అన్నాడు. గృహస్థుకు ఆ సమాధానం మొదట నచ్చలేదు.

అతడు చూసిన తీరు న్యాయశాస్త్ర విద్యార్థులు వినదగినది. మొదట రెండు రోజులు నీటి గొట్టాలను తెరచి ఉంచి, నేల మాత్రం తడపవద్దన్నాడు. చుక్క లేదు. అనగా గోడలోని గొట్టాలు నిర్దోషాలు. తరువాత జాలీ నోటిని గుడ్డతో బిగించి, గది నిండా రెండంగుళాల నీరు నిలిపి ఒక రాత్రి వదిలాడు. చుక్క లేదు. అనగా నేల సైతం నిర్దోషం. పదహారు వేల పూత నిర్దోషికి చేసిన చికిత్స. మూడవసారి నీటిలో బట్టల నీలం కలిపి, గుడ్డ తీసివేశాడు. సాయంత్రానికి వృద్ధురాలు ఫోన్ చేసింది: “నాయనా, నీలంగా పడుతున్నదిరా! స్వామి శరీరచ్ఛాయే పడుతున్నది!” కారణం ఉన్నచోట కార్యం ఉండడం అన్వయం, లేనిచోట లేకపోవడం వ్యతిరేకం. తర్కసంగ్రహంలో పొగ, నిప్పు, వంటిల్లు, మడుగులతో నేర్పే పాఠాన్ని అతడు ఒక గుడ్డముక్కతో, రూపాయి నీలంతో నిర్వహించాడు.

పగలగొట్టే నాడు గృహస్థు సెలవు పెట్టాడు. ఫోన్ ఆపి, ద్వారం వద్ద ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. యాగంలో బ్రహ్మ అనే ఋత్విక్కు ఉంటాడు. హోత, అధ్వర్యుడు, ఉద్గాత వాక్కుతో కర్మ నడుపుతుంటే అతడు మౌనంగా, మనస్సుతో దానిని కాపాడతాడు. మధ్యలో అతడు మౌనం వీడితే యజ్ఞం ఒంటికాలి మనిషివలె, ఒంటిచక్రపు రథంవలె కుంటుపడుతుందని ఛాందోగ్యం నాలుగవ అధ్యాయం చెబుతుంది. తొలిసారి మరమ్మతులో ప్రక్కగదిలో వాక్కు ధారాళంగా నడిచింది, మనస్సు ఎక్కడా లేదు. వాస్తుపండితుడు ఇంటి నడుమ కొలిచి చూపిన బ్రహ్మస్థానం ఆ రోజు స్నానాల గది గడప వద్దకు జరిగిందనుకోవచ్చు.

నాలుగు టైల్స్ లేచాయి. జాలీ క్రింద గొట్టం కలిసేచోట, చుట్టూ పూడ్చవలసిన కాంక్రీటుకు బదులు ఒక సిమెంటు సంచి ముక్క కుక్కి, పైన పలుచగా గచ్చు పూసి ఉన్నది. పన్నెండేళ్ల క్రితం ఏ సాయంకాలపు తొందరలోనో, ఎవరో చేసిన పని. చేసినవాడు వెళ్లిపోయాడు, చేసిన క్రియ నశించింది. దాని ఫలం మాత్రం కంటికి కనబడకుండా నేల క్రింద వేచి ఉండి, ఏమీ ఎరుగని ఒక వృద్ధురాలి దీపం మీద పడింది. కర్మకు, ఫలానికి నడుమ నిలిచే ఇట్టి అగోచరశక్తిని మీమాంసకులు ‘అపూర్వం’ అన్నారు, ఇతరులు ‘అదృష్టం’ అన్నారు. మంచి మేస్త్రీ దొరకడం అదృష్టమని ఈ ప్రాంతంలో అందరూ అంటారు. అదృష్టమంటే చూడబడనిది; గృహస్థు చూడనిదే అధికం.

ప్లంబర్ సంచి ముక్కను లాగివేసి, కొత్త జాలీ అమర్చి, చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్ పోసి, ఒకరోజు ఆరనిచ్చి రెండు పూతలు వేశాడు. పిదప నలభై ఎనిమిది గంటలు నీరు నిలిపాడు. ఛాందోగ్యంలోని ఆ ప్రకరణంలోనే యజ్ఞంలోని లోపాన్ని అతికే విధానానికి ఉపమానాలున్నాయి: బంగారాన్ని క్షారంతో, వెండిని బంగారంతో, తగరాన్ని వెండితో, చివరకు కొయ్యను ఇనుముతో, తోలుతో అతికినట్లు. అతుకువేసేవాని చేతిపనినే ఋషి యజ్ఞచికిత్సకు పోలిక తెచ్చాడు. అట్టి పనివారు ఇళ్లలోని లిఫ్టు ఎక్కరాదని, సామాన్ల లిఫ్టే వాడాలని, అది చెడితే మెట్లెక్కాలని ఆ భవనపు సంఘం నియమం. ఆ రోజు సామాన్ల లిఫ్టు చెడింది. సహాయకుడు సిమెంటు బస్తా భుజాన వేసుకొని నాలుగు అంతస్తులు ఎక్కాడు.

చివరకు ప్లంబర్ తొమ్మిదివేల అయిదువందలు అడిగాడు. గృహస్థు అలవాటు కొద్దీ “ఎనిమిది చేసుకో భయ్యా” అన్నాడు. టీ గ్లాసులతో వచ్చిన భార్య, ప్లంబర్‌కు వినబడకుండా, “ఏమండీ, అబద్ధానికి పదహారు వేలు నోరెత్తకుండా ఇచ్చారు. నిజానికి పదిహేను వందలు కోస్తారా?” అన్నది. గృహస్థు ముఖం ఎర్రబడింది. అడిగినంత ఇచ్చాడు. సహాయకుని చేతిలో వేరుగా అయిదువందలు పెట్టబోతే, ప్లంబర్ అడ్డుకొని, “వాడికి నేను ఇస్తా సార్, నా మనిషి” అన్నాడు. కొంత పెనుగులాట జరిగి ఆ నోటు కుర్రవాని జేబులోకే చేరింది.

పాత టైల్స్ రంగు ఎక్కడా దొరకలేదు. గది మూలలో నాలుగు పలకలు ఇప్పటికీ వేరుగా, తెల్లగా కనబడుతాయి. క్రింది ఇంటి కప్పు పూర్తిగా ఆరేవరకు రంగు వేయవద్దని ప్లంబర్ చెప్పి వెళ్లాడు. వృద్ధురాలు ప్రతి ఉదయం పూజ ముగించి, పీట ఎక్కి, చేతితో కప్పును తాకి చూసేది; పీట ఎక్కవద్దని గృహస్థు బ్రతిమాలినా వినలేదు. పందొమ్మిదవనాడు అతనిని పిలిచి, “నువ్వూ తాకి చూడు నాయనా” అన్నది. తాకాడు. పొడిగా ఉన్నది. వేళ్లకు సున్నం అంటింది. పెయింటర్ ఎవరైనా తెలుసా అని ఆమె అడిగింది. ఆరవ అంతస్తువారిని అడిగి చెబుతానని, ఈసారి తాను దగ్గర కూర్చొని చేయిస్తానని చెప్పి మెట్లెక్కాడు.