వెలుగు వచ్చిన దారినే...

విక్రమ్ నిద్రలోకి జారుకుని అప్పటికి మూడు నెలలు దాటింది. చంద్రయాన్-3 ల్యాండర్ 2023 ఆగస్టు 23న చందమామ దక్షిణ ధ్రువానికి దగ్గర్లో దిగింది. అక్కడి పగలు ముగిసిపోతుండగా సెప్టెంబరు 4న ఇస్రో దాన్ని నిద్రపుచ్చింది. మళ్లీ తెల్లవారాక ఎంత పిలిచినా పలకలేదు. అలాంటి విక్రమ్ డిసెంబరు 12న జవాబిచ్చింది!

పిలిచింది నాసా ఉపగ్రహం ఎల్ఆర్ఓ. చంద్రుడి చుట్టూ తిరుగుతూ వంద కిలోమీటర్ల దూరం నుంచి విక్రమ్ మీదికి లేజర్ కాంతిని వదిలింది. ఆ కాంతి తిరిగొచ్చింది. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. నాసా ఇచ్చిన ఓ బుల్లి పరికరం విక్రమ్ మీద ఉంది. వెడల్పు రెండంగుళాలు, బరువు 20 గ్రాములు, లోపల ఎనిమిది క్వార్ట్జ్ పట్టకాలు. కరెంటు అక్కర్లేదు. ఎటు నుంచి వెలుగొస్తే అటే తిప్పి పంపడం... దానికి తెలిసిన పని అదొక్కటే.

ఆ పని తెలిసిన వస్తువు మన ఇళ్లలోనూ ఉంది. సైకిలు వెనక మడ్‌గార్డుకి బిగించిన ఎర్ర బిళ్ల! చందమామ మీద ఉన్నదానికీ, దీనికీ ధరలో బోలెడు తేడా ఉండొచ్చుగానీ సూత్రం మాత్రం ఒకటే.

అదేంటో చూడాలంటే రెండు చిన్న అద్దాలు చాలు. తెరిచిన పుస్తకంలా, మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు ఉండేలా వాటిని బల్ల మీద నిలబెట్టండి. ఇప్పుడు తొంగిచూస్తే మీ ముఖం రెండద్దాలు కలిసిన గీత దగ్గర కనిపిస్తుంది. కొంచెం పక్కకి జరగండి. మళ్లీ ఆ గీత దగ్గరే! మామూలు అద్దమైతే పక్కకి జరగ్గానే మన ముఖం మాయమై, ఇంకెక్కడిదో గోడ కనిపిస్తుంది. ఇంకో తమాషా... ఈ అద్దాల ముందు పేపరు పట్టుకుంటే అక్షరాలు తిరగబడవు. ఎదుటివాళ్లకి మనం ఎలా కనిపిస్తామో అలాగే మనకి మనం కనిపిస్తాం. అలవాటు లేని ఆ ముఖాన్ని చూసుకుంటూ తల దువ్వుకోబోతే మాత్రం దువ్వెన పాపిటకి అవతలికి పోతుంది.

కారణం క్యారమ్స్ ఆడేవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. మూలకి దగ్గర్లో స్ట్రైకర్ ఒక గోడకి తగిలి, వెంటనే పక్క గోడకీ తగిలిందనుకోండి. మొదటి గోడ దాని అడ్డం నడకని తిప్పేస్తుంది. రెండోది నిలువు నడకని తిప్పేస్తుంది. రెండూ తిరిగిపోయాక ఇంకేం మిగిలింది? వచ్చిన దిక్కుకే వెనక్కి పోవాలి. ఏ వాలులో కొట్టినా అంతే. వెలుగు సంగతీ ఇదే. కాకపోతే రెండద్దాలతో ఓ లోటు ఉంది. పై నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగు కిందికి జారిపోతుంది. అందుకని మూడో అద్దం కావాలి. గదిలో రెండు గోడలూ నేలా కలిసే మూల ఉంటుంది చూడండి, అలాగన్నమాట. సైకిలు బిళ్లని దగ్గరగా చూస్తే లోపల తేనెపట్టులా కనిపించేవన్నీ అలాంటి బుల్లి మూలలే.

1969 జులైలో అపోలో-11 వ్యోమగాములు ఇలాంటి వంద పట్టకాలున్న పలకని చందమామ మీద పెట్టి వచ్చారు. వాళ్లు తెచ్చిన రాళ్లు మ్యూజియాలకీ ల్యాబులకీ చేరాయి. ఆ పలక మాత్రం ఇన్నేళ్లయినా పని మానలేదు. భూమి నుంచి లేజర్ వదిలితే రెండున్నర సెకన్లలో వెనక్కొస్తుంది. చందమామ ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకి దూరమవుతోందని లెక్క తేలింది దీంతోనే. 1970లో దిగిన సోవియట్ బండి లూనోఖోద్-1 కథ ఇంకా బాగుంటుంది. 1971లో మూగబోయాక అది కచ్చితంగా ఎక్కడుందో తెలియలేదు. 2010లో ఎల్ఆర్ఓ తీసిన ఫొటోల్లో జాడ కనిపించింది. అమెరికాలోని న్యూమెక్సికో నుంచి శాస్త్రవేత్తలు లేజర్ గురిపెడితే దాదాపు నలభై ఏళ్ల తర్వాత నిక్షేపంలా జవాబొచ్చింది.

అంత దూరంలో పనిచేసేది, ఊరి దారిలో ఎందుకు చెయ్యదు? చేస్తుంది. మనం చెయ్యనిస్తే.

కోతల రోజుల్లో చీకటి పడ్డాక ధాన్యం బస్తాలతో వెళ్లే ట్రాక్టరుని తలచుకోండి. ముందు లైట్లుంటాయి. వెనక ట్రాలీకి లైటు ఉండదు, ఉన్నా వైరు తెగి ఉంటుంది. వెనక నుంచి వచ్చే మోటార్‌సైకిలు కుర్రాడికి అది చీకట్లో కలిసిపోయిన నల్లటి గోడ. ఆ గోడ మీద రెండు ఎర్ర బిళ్లలుంటే అతని హెడ్‌లైటు వెలుగే అతనికి కబురవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలనే చెబుతున్నాయి. 1989 నాటి నిబంధనలవి. అయినా బిళ్లల్లేని ట్రాలీలకి కరవా!

దీన్ని నిర్లక్ష్యం అని తేల్చేయడం తేలికే. కానీ ఇక్కడో చిక్కుంది. రిఫ్లెక్టరు వెలుగు అందరికీ కనిపించదు. ఎవరి దీపం దాని మీద పడిందో వాళ్లకే కనిపిస్తుంది. దారి పక్కన అరుగు మీద కూర్చున్నాయనకి కనిపించదు. ట్రాక్టరు నడిపే రైతుకి జన్మలో కనిపించదు. బిళ్ల ఊడిపోయినా, పేడా బురదా పట్టినా, పగిలి లోపలికి నీళ్లు చేరినా ఆయనకి తెలిసే దారి లేదు. దాని వెనక భాగానికి కళాయి పూత ఏమీ ఉండదు. ప్లాస్టిక్కూ, వెనకున్న గాలీ కలిసే చోటే అద్దంలా పనిచేస్తుంది. గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరితే వెలుగు వెనక్కి రాకుండా అటే పోతుంది. పగటి పూట చూస్తే మాత్రం ఎర్రగానే ఉంటుంది. బిళ్ల బదులు ఎర్ర రంగు పూసి సరిపెట్టేవాళ్లున్నారు. పగలు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. రాత్రి తేడా తెలుసుకోవాల్సి వచ్చేది వెనకొచ్చేవాడికే.

నిజానికి వెలుగు మరీ కచ్చితంగా వచ్చిన చోటికే పోతే హెడ్‌లైటుకే చేరుతుంది, డ్రైవరు కంటికి అందదు. అందుకని కొంచెం చెదిరేలా తయారుచేస్తారు. లారీ డ్రైవరు తన లైట్ల కంటే బాగా ఎత్తులో కూర్చుంటాడు కాబట్టి కారులో ఉన్నవాళ్లకంటే అతనికి అదే బిళ్ల కాస్త మసకగా కనిపిస్తుంది. ట్రాలీ దారికి అడ్డంగా నిలిస్తే వెనక బిళ్లలు ఎందుకూ పనికిరావు. పక్కల కూడా స్టిక్కర్లు అంటించమనేది అందుకే. వెనకొచ్చే బండికి లైటు లేకపోతే ఇక ఎన్నున్నా దండగే.

పరీక్ష పెద్ద కష్టమేం కాదు. చీకటి పడ్డాక ట్రాలీ వెనక ఓ యాభై అడుగులు దూరం నడిచి, టార్చిలైటుని కంటి పక్కన, కణతకి ఆనించి పట్టుకుని వెయ్యాలి. నడుం దగ్గర పట్టుకుంటే మంచి బిళ్ల కూడా వెలవెలబోతుంది. బిళ్ల భగ్గుమంటే సరే. లేదంటే ముందు తడిగుడ్డతో తుడిచి మళ్లీ చూడాలి. అప్పటికీ వెలగకపోతే మార్చాల్సిందే.