గంట తీసేయకండి

"సమయం తక్కువగా ఉంది కాబట్టి ఈసారి ఘంటాగణనం పెట్టడం లేదు" అని మైకులో చెప్పగానే నా సాయంత్రం సగం పాడైపోయింది. అవధాని పద్యాలు అల్లుతూనే మధ్యమధ్య మోగే గంటలను లెక్కపెట్టుకుని చివర్లో చెప్పాల్సిన అంశం అది. కొత్తగూడెంలో ఇప్పుడు అష్టావధానం జరగడమే అరుదు. జరిగిందంటే ఇంట్లో ఎంత పని ఉన్నా వెళ్లి కూర్చుంటాను. ఆ రోజు గంట తీసేసి, మిగిల్చిన సమయమంతా ఎవరికిచ్చారయ్యా అంటే, అప్రస్తుత ప్రసంగానికి.

అప్రస్తుతం నాకూ ఇష్టమే. అవధాని దత్తపదిలో, అంటే ఇచ్చిన మాటలతో చెప్పే పద్యంలో, మూడో పాదం అల్లుతుంటే పక్కనుంచి "అవధాని గారూ, మా ఆవిడ ఉల్లిపాయలు తెమ్మంది, ఏ రంగువి తెమ్మంటారు?" అని అడగాలి. ఆయన సభంతా నవ్వేలా జవాబు చెప్పి, ఆపిన అక్షరం దగ్గరే పద్యాన్ని మళ్లీ అందుకోవాలి. ఆ అందుకోవడంలో ఉంది మజా. పద్యం నడుస్తుంటేనే దానికి అడ్డు తగలడం సరదా. ఆ సాయంత్రం ఏమైందంటే, రెండో ఆవృత్తి దాటాక అప్రస్తుతం ఆయన జనం వైపు తిరిగి టీవీ జోకులు మొదలుపెట్టాడు. అవధాని చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. జనం నవ్వుతున్నారు కదా అని సంచాలకుడు వదిలేశాడు. సంచాలకుడు నవ్వకూడదని ఎవరూ అనరు. కానీ ఎంత నవ్వినా చూపు గడియారం మీద ఉండాలి, "ఇక చాలు, పద్యం కానివ్వండి" అనే మాట నోట్లో సిద్ధంగా ఉండాలి.

బీబీసీ రేడియోలో 1967 నుంచి వస్తున్న 'జస్ట్ ఎ మినిట్' అనే నవ్వుల ఆట ఉంది. ఇచ్చిన విషయం మీద అరవై సెకన్లు తడబడకుండా, అన్న మాట మళ్లీ అనకుండా, దారి తప్పకుండా మాట్లాడాలి. తప్పు పట్టినవాడి మాట నిజమైతే పాయింటూ, మిగిలిన సెకన్లూ అతనివే. నికొలస్ పార్సన్స్ యాభై ఏళ్లకు పైగా ఆ ఆటకు తీర్పరిగా కూర్చున్నాడు. ఎవరైనా తప్పుడు అభ్యంతరం చెప్పి సభను బాగా నవ్విస్తే, ఆ నవ్వుకని అతనికో పాయింటు ఇచ్చేవాడు. అభ్యంతరం మాత్రం చెల్లదనేవాడు. మాట్లాడుతున్నవాడికీ పాయింటు ఇచ్చి, అతన్నే కొనసాగించమనేవాడు. మన సంచాలకులకు నేను కోరేది ఇదే. నవ్వుకు చప్పట్లు కొట్టండి, తీర్పు మాత్రం నియమం ప్రకారం ఇవ్వండి.

పృచ్ఛకుడు అక్షరాలు నిషేధిస్తుంటే వాటిని తప్పించుకుంటూ పద్యం చెప్పే నిషిద్ధాక్షరిలోనూ ఆ రోజు పేచీ వచ్చింది. కందపద్యం, రెండో పాదం, రెండో అక్షరం. పృచ్ఛకుడు సరిగ్గా ప్రాసాక్షరాన్నే నిషేధించాడు! మొదటి పాదంలో పడిన హల్లే నాలుగు పాదాల్లోనూ రావాలి కదా, దాన్ని కాదంటే అవధాని ఎక్కడికి పోతాడు? సంచాలకుడు "నిషేధం నిషేధమే" అన్నాడు, జనం ఈలలు వేశారు. చివరికి పృచ్ఛకుడే వెనక్కి తగ్గాడు. నా స్నేహితులు కొందరు యతిస్థానాన్ని కూడా వదిలేయాలంటారు. నేను ఒప్పుకోను. 'అ'కు 'య' ఉంది, 'హ' ఉంది, యతిలో తప్పించుకునే దారి దొరుకుతుంది. ప్రాసలో దొరకదు. దారి మూసేసి పరిగెత్తమనడం ఆట కాదు. నిషేధం ఒక్క పాదానికా, రెండింటికా, నాలుగింటికా అన్నది ఎలా పెట్టుకున్నా నాకు సమ్మతమే. పద్యం మొదలుకాక ముందే అందరికీ చెప్పేయాలి, మధ్యలో మార్చకూడదు.

ఇక గంట. మా పెద్దమామ సింగరేణిలో పనిచేశాడు. పద్యం అల్లడం రాదు, వినడం వచ్చు. మా పేట సభల్లో గంట ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. బొగ్గు బాయిలో గంటకు ఎంత విలువో తెలిసిన మనిషి. మనుషుల్ని దించే లిఫ్టు కదులుతున్నప్పుడు ఒక్క గంట కొడితే ఆపమని అర్థం, అది తప్పుగా మోగినా, తప్పుగా విన్నా మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. ఆ శ్రద్ధనే సభలోకీ తెచ్చాడు. చప్పట్ల హోరులో గంట కొట్టేవాడు కాదు. "వినపడని గంటను లెక్కపెట్టమంటే అన్యాయం కాదా అల్లుడా" అనేవాడు. అవధాని సమస్యాపూరణలో మునిగిపోయినప్పుడు మాత్రం కొట్టేవాడు, స్పష్టంగా, ఒక్కటే. జేబు పుస్తకంలో గీత గీసుకునేవాడు. పక్కన నన్ను కూర్చోబెట్టి గంటకో చింతగింజ డబ్బాలో వేయమనేవాడు. ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం, మొదలయ్యే ముందు ఆయన గీతలూ నా గింజలూ సరిచూసి, అంకె రాసిన చీటీ మడిచి సంచాలకుడి చేతిలో పెట్టేవాడు. అంత పకడ్బందీగా ఉండేది.

ఒకసారి అవధాని చెప్పిన లెక్క చీటీలోని అంకె కన్నా ఒకటి తక్కువైంది. సభలో గుసగుసలు. పెద్దమామ లేచి, "ఒక గంట షిఫ్టు సైరన్‌లో కలిసింది, అది నా తప్పు, తీసెయ్యండి" అన్నాడు. అవధాని లెక్కే ఖాయమైంది.

ఆ రోజుల్లో మాకు గడియారం ఆ సైరనే. మా అమ్మ అది విని ఎసరు పెట్టేది. బడికి ఆలస్యమైందో లేదో అదే చెప్పేది. షిఫ్టు దిగినవాళ్లు కొందరు స్నానం చేసి, కళ్ల అంచుల్లో బొగ్గు నలుపు ఇంకా పోకుండానే సభకొచ్చి వెనక వరసలో కూర్చునేవారు. అసలు శ్రోతలు వాళ్లే. ఒక రాత్రి సభంతా చప్పట్లు కొడుతుంటే వెనకనుంచి ఒకాయన లేచి గట్టిగా అరిచాడు: "ఆగండి సారూ, మూడో పాదంలో ఇచ్చిన మాట పడలే!" సంచాలకుడు చప్పట్లు ఆపించి, పద్యం మళ్లీ చదివించాడు. నిజంగానే పడలేదు.