కడిగే ఓపికుంటేనే రంపం

అమెరికాలో మనవాళ్ళు నాలుగిళ్ళు కలిసి ఒక మేకని కొనుక్కోవడం మీరు వినే ఉంటారు. ఊరవతల ఫారానికి వెళ్ళి కోయించుకుని, ఎవరిదో గరాజులో ప్లాస్టిక్ పట్టా పరిచి పోగులు పెడతారు. తొడ, పక్కటెముకలు, మెడ, కార్జం ఏ పోగులోనూ తక్కువ కాకుండా సర్దడంలో మనవాళ్ళకి తిరుగులేదు. ఇబ్బందల్లా ముక్కలు కొట్టే దగ్గరే. అక్కడ చింతమొద్దు దొరకదు. దొరికినా, కీబోర్డుకి అలవాటు పడిన చేతికి ఆ కత్తి లొంగదు. రెండో వేటు మొదటి వేటు పడ్డచోట పడదు. ఎముక తెగడానికి బదులు చిట్లుతుంది. ఆ నలుసులు ఆదివారం భోజనంలో ఎవరో చుట్టానికి పంటికింద తగులుతాయి.

అప్పుడే గుంపులో ఒకాయనకి హలాల్ కొట్లో చూసిన రంపం గుర్తొస్తుంది. కొట్టువాడు మాంసాన్ని అలా తోస్తూ పోతుంటే ముక్కలు గీత గీసినట్టు తెగిపడుతుంటాయి. "అలాంటిదే పాతదొకటి కొని బాగుచేసుకుంటే పోలా?" అంటాడు. చేసుకోవచ్చు. కాకపోతే అందులో బాగుచెయ్యాల్సింది ఏమిటో ముందు తెలియాలి. ఆ కబుర్లే ఇవి. కుర్చీ ఇటు లాక్కోండి.

మన ఊళ్ళో కలప అడితిలో దుంగలు కోసే మిషను చూశారుగా, ఇదీ ఆ జాతిదే. పైనొక చక్రం, కిందొక చక్రం, రెంటినీ చుట్టి పళ్ళున్న ఉక్కు పట్టీ, మధ్యలో బల్ల. ఇంగ్లండులో విలియం న్యూబెరీ అనే ఆయన 1808లోనే ఇలాంటి రంపానికి పేటెంటు పుచ్చుకున్నాడు. కానీ పట్టీ రెండు కొసల్నీ కలిపిన అతుకు తిరుగుడికి ఆగేది కాదు. 1846లో ఫ్రాన్సులో ఆన్ పౌలిన్ క్రెపాన్ అనే ఆవిడ ఆ అతుకు నిలిచే పద్ధతికి పేటెంటు తీసుకుంది. ఇన్ని అడితులున్నా ఆవిడ పటం ఒక్కదాన్లోనూ కనబడదు, అది వేరే సంగతి.

మాంసం రంపాలకి వస్తే ఒహాయో రాష్ట్రం పేరు చెప్పుకోవాలి. అక్కడి ట్రాయ్ ఊరిది హోబార్ట్ కంపెనీ. కిచెన్‌ఎయిడ్ మిక్సరు పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. ఎరీ సరస్సు ఒడ్డున మార్బుల్‌హెడ్‌లో ఉంది బైరో కంపెనీ. పాత రంపాల మీద ఎక్కువగా కనిపించేవి ఈ రెండు పేర్లే. ఒకప్పుడు కిరాణా కొట్ల వెనకగదికి పశువు సగం సగంగా కొక్కేనికి వేలాడుతూ వచ్చేది, అక్కడే కోసేవారు. 1967లో అయోవా బీఫ్ ప్యాకర్స్ వాళ్ళు మాంసాన్ని ఫ్యాక్టరీలోనే విడగొట్టి పెట్టెల్లో పంపడం మొదలెట్టారు. క్రమంగా వెనకగదిలో పని తగ్గింది. కొట్టు మూతపడ్డప్పుడల్లా ఒక రంపం వేలంపాటకి వస్తుంది. నాలుగైదు వందల పౌండ్ల పోత ఇనుము, స్టీలు, బరువంతా పైభాగంలోనే. నలుగురు బావమరుదులు ఎత్తి ట్రక్కులో పెట్టేద్దామనుకోకండి, ఇంజన్లు దించే క్రేను అద్దెకి తెచ్చుకోండి.

ఇంటికి చేరగానే అందరి కళ్ళూ మోటారు మీద పడతాయి. పాత కొట్ల మిషన్లు చాలావరకు త్రీ ఫేజువి. పొలం మోటారుకి త్రీ ఫేజు కరెంటు ఏ అర్ధరాత్రి ఇస్తారా అని బోరుబావి దగ్గర కాచుకున్నవాళ్ళకి ఆ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. అమెరికాలో మామూలు ఇళ్ళకి అది అర్ధరాత్రి కూడా రాదు. బట్టలారబెట్టే మిషనుకి ఇచ్చే 240 వోల్టుల లైను ఉంటుంది. దానికి వీఎఫ్‌డీ అనే డ్రైవు పెట్టె తగిలిస్తే సింగిల్ ఫేజుని త్రీ ఫేజుగా మార్చి ఇస్తుంది. ఒకటి రెండు హార్స్‌పవర్ మోటారుకి అది తేలిగ్గా దొరుకుతుంది. ఆపే స్విచ్చి డ్రైవుకీ మోటారుకీ మధ్యలో పెట్టకూడదు, డ్రైవు చేతే ఆపించాలి. పెట్టె మీద నీళ్ళు పడకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషను తనంతట తాను తిరగడం మొదలెట్టకూడదు. బ్లేడు వెయ్యకుండా ఒకసారి తిప్పి చూసి, చక్రం అటు తిరగాల్సింది ఇటు తిరుగుతుంటే మోటారుకి వెళ్ళే మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే సరి. బ్లేడు బల్లవైపుకి, కిందికి దిగాలి. ఇదంతా ఒక ఎలక్ట్రీషియను ఒక పూటలో తేల్చే పని. అందుకే దీనిమీద ఇంతకంటే చెప్పను.

అసలు పని మిగతాదాంట్లో ఉంది. ఈ మిషన్లు గీసినవాళ్ళకి ఒకటే ధ్యాస: రోజూ రాత్రి కొట్టు కట్టేముందు కుర్రాడు దీన్ని పానా లేకుండా విప్పి, కడిగి, మళ్ళీ బిగించాలి. తలుపు తెరిస్తే చక్రం చేత్తో ఊడి వచ్చేస్తుంది. బల్ల వచ్చేస్తుంది. బ్లేడు మీద పేరుకునే పొడిని గీకే చిన్న గీకుళ్ళు ఉంటాయి, అవీ వచ్చేస్తాయి. మూలలు గుండ్రంగా ఉంటాయి, మడ్డి నిలవకుండా. చేతులు మారేకొద్దీ ఈ సుగుణం పోతుంది. చేతి మర పోయిన చోట ఎవడో బోల్టు బిగిస్తాడు, గీకుడు అరిగితే తీసి పారేస్తాడు, చిల్లు పడిన చోట మైనం లాంటిదేదో కూరి పైన రంగు కొడతాడు. నన్నడిగితే బాగుచేయడమంటే ఆ విప్పుకునే గుణాన్ని తిరిగి తేవడమే. ఇంట్లోవాడికి అది కొట్టువాడికంటే ఎక్కువ అవసరం. కొట్టులో రంపం ఇవాళ కడిగితే రేపు మళ్ళీ తిరుగుతుంది. మన గరాజులో సంక్రాంతికి కోసింది మళ్ళీ దసరా దాకా అలాగే ఉంటుంది. మూలన గోరంత కొవ్వు మిగిలినా ఆ తొమ్మిది నెలలూ అది అక్కడే ఉంటుంది.

అందుకని మొదట విప్పండి, పూర్తిగా. కొవ్వు గడ్డకట్టి తేనెపట్టు రంగులోకి వచ్చి ఉంటుంది. ఓవెను కడిగే ఘాటు మందు కొట్టాలనిపిస్తుంది. ఆగండి, ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోక, చేతికి తేలిగ్గా ఉంటే అది అల్యూమినియం. ఆ మందులోని కాస్టిక్ సోడా దాన్ని తినేసి నల్లగా గుంటలు పెడుతుంది. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, ప్లాస్టిక్ గీకుడు చాలు. పైన తెల్లరంగు పెచ్చులూడుతుంటే దాన్ని సాండరుతో గీకి గరాజంతా దుమ్ము చెయ్యకండి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది గానీ, మిషన్ల రంగులకి ఆ నిషేధం వర్తించలేదు. పాత రంగంటే సీసం ఉందనే అనుకుని, రంగు వదలగొట్టే మందు పూసి తడిగానే తీసేయాలి. మళ్ళీ వేసేటప్పుడు కాళ్ళకీ, మోటారు డొక్కుకీ మీకిష్టమైన రంగు వేసుకోండి. చక్రాలు తిరిగే గదిలో, మాంసం తగిలేచోట రంగే వద్దు. నునుపుగా మెరిసే కొత్త రంగు చూసి అందరూ ముచ్చటపడతారు, మొదటి మేక తర్వాత అది పెచ్చులై ముక్కల్లో కలుస్తుంది.

బేరింగుల పక్కన నంబరు చెక్కి ఉంటుంది. 6204, 6205 లాంటివైతే ఏ బేరింగుల కొట్లోనైనా ఇస్తారు. రెండు వైపులా రబ్బరు సీలున్నవే అడగండి. గ్రీజు ఆహారయంత్రాలకి వాడేది, ఎచ్-1 అని ముద్ర ఉన్నది కొనండి. పొరపాటున మాంసానికి సోకినా ఫరవాలేదని దాని అర్థం. చక్రాలకి రబ్బరు తొడుగు కనబడక "ఊడిపోయినట్టుంది" అని కంగారుపడి కొత్తది వేయించకండి. మాంసం రంపాల చక్రాలు మామూలుగా వట్టి లోహమే. రబ్బరుంటే దానికింద నెత్తురు చేరుతుంది. గరాజులో ఉన్న కట్టె రంపం మీద మేకని కోయకూడనిది కూడా అందుకే. దాని చక్రాలకి రబ్బరు, దాని డొక్కు నిండా రంపపు పొట్టు. దాన్ని కడగడం ఎవరివల్లా కాదు.

బ్లేడు మాత్రం కొత్తదే కొనాలి. సాధారణంగా అంగుళంలో 5/8 వంతు వెడల్పు, అంగుళానికి మూడో నాలుగో పళ్ళు. పొడవు తెలియకపోతే చిన్న లెక్క: రెండు చక్రాలూ ఒకే కొలతైతే, చక్రం అడ్డుకొలతని 3.14తో గుణించి, రెండు ఇరుసుల మధ్య దూరానికి రెట్టింపు కలపండి. చక్రాలు 14 అంగుళాలై ఇరుసుల మధ్య 33 ఉంటే, 44 కి 66 కలిపి 110 అంగుళాలు. బిగించే మర మధ్యలో ఉంచి కొలవండి. పని అయ్యాక బిగువు వదలండి.

ఇక కోత. మెత్తటి పచ్చిమాంసం బ్లేడుకి చుట్టుకుంటుంది. సగం గడ్డకట్టినది నీటుగా తెగుతుంది. ఎముకని బల్లకి ఆనించి తోయాలి. నల్లి బొక్క గుండ్రంగా ఉంటుంది కదా, గట్టిగా పట్టుకోకపోతే బ్లేడు దాన్ని గిర్రున తిప్పుతుంది, దానితోపాటు వేళ్ళనీ లాగుతుంది. చివరి ముక్కని చేత్తో కాదు, తోపుడు పలకతోనే నెట్టాలి. కత్తి పనికి వాడే ఇనుప గొలుసుల గ్లౌజు ఇక్కడ ప్రమాదం. పళ్ళు గొలుసుని పట్టుకుంటే చెయ్యి వెనక్కి రాదు. అమెరికా కార్మిక చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని ఉద్యోగంలో ఈ రంపం నడపనివ్వదు, చివరికి కడగనివ్వదు కూడా. "మావాడు చాలా జాగ్రత్త మనిషండీ" అనే తండ్రులు ఆ చట్టం ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

పొరుగింటి వేటగాడు జింకని తెచ్చి "కాస్త కోసిపెట్టరా" అంటే ఒక్క మాట. అక్కడి జింకల్లో మెదడుని తినేసే జబ్బొకటి తిరుగుతోంది. మనుషులకి సోకిన దాఖలా లేదు గానీ, ఉడికించినా పోయే రకం కాదు. వెన్నుపాములో, మెదడులో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి వేటమాంసాన్ని వెన్నెముక మీదుగా రంపంతో కోయొద్దని ఆరోగ్యశాఖలు చెబుతాయి. ఎముక తీసేసి, కత్తితో కోసుకోమనండి. మొహమాటానికి పోతే ఆ పట్టీ మీద ఉన్నది తర్వాత మన మేకకీ అంటుతుంది.

కడగడం దగ్గర మన వంటింటి తెలివి పనికొస్తుంది. మొదట చల్లటి నీళ్ళు. వేడినీళ్ళు ముందే పోస్తే నెత్తురు ఉడికి అతుక్కుంటుంది. తర్వాత బాగా వేడినీళ్ళు, సబ్బు. మేక కొవ్వు గోరువెచ్చటి నీళ్ళకి కదలదని మాంసం గిన్నె తోమినవాళ్ళకి తెలుసు. ఆపైన గాలను నీళ్ళకి టేబుల్ స్పూను వాసన లేని బ్లీచు. బ్లీచుకి ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి వెంటనే ఆరబెట్టి, తినదగ్గ మినరల్ ఆయిలు పల్చగా రాయాలి. ముక్కలకి అంటిన ఎముకపొడి కూడా గీకేయాలి. లేకపోతే కూర కింద ఇసుకలా దిగుతుంది, మాంసమూ తొందరగా పాడవుతుంది. కోతకి పట్టినంతసేపు కడుగుడికీ పడుతుంది.

"ఏడాదికి రెండు మేకలకి ఇంత తతంగమా?" అంటారా? రెంటికైతే వద్దు. హలాల్ కొట్టువాడికి కోత కూలి ఇచ్చేయండి. నాలుగిళ్ళు పదిళ్ళై, మేకలతోపాటు గొర్రెలు, గడ్డకట్టిన పెద్ద వంజరం చేపలు కూడా వచ్చేచోట, నీళ్ళగొట్టం, నేలకి తూము ఉన్న గరాజు ఉంటే అప్పుడు తెచ్చుకోండి. కాళ్ళూ తలకాయా మాత్రం నేనైతే దాని దగ్గరికి రానివ్వను. కాళ్ళు మరీ చిన్నవి, వేళ్ళు బ్లేడు దగ్గరికి పోతాయి. తలకాయ కోస్తే మెదడంతా పట్టీకి, చక్రాలకి పూసుకుని ఆ తర్వాత కోసే ప్రతి ముక్కకీ అంటుతుంది. ఆ రెండూ కొట్టువాడికే ఇచ్చి, అడిగినంత ఇచ్చి కొట్టించుకోండి.