చెంబెడు నీళ్లు

జమ్మలమడుగు దగ్గర ఓ పల్లె. మే నెల ఎండ. సిజేరియన్ అయి పుట్టింటికొచ్చిన అమ్మాయికి అది పద్నాలుగో రోజు. చెవుల్లో దూది, నడుముకు కట్టు, నులకమంచం దిగితే అవ్వ ఊరుకోదు. దాహమంటే కాచిన నీళ్లు అరగ్లాసే.

'బాలింత నీళ్లు తాగితే నంజు చేస్తాది మే' అంటుంది.

పొద్దున ఎడమ పిక్క పీకుతోందంది మనవరాలు. మధ్యాహ్నానికి కాలు తొడదాకా ఉబ్బి, పట్టుకుంటే వెచ్చగా తగిలింది. కుడికాలు మామూలుగానే ఉంది. గాలి తగిలిందనుకున్న అవ్వ రుద్దడానికి ఆముదం వెచ్చజేసింది. అంతలో బిడ్డను చూడ్డానికొచ్చిన ఆశా కార్యకర్త గిన్నె పక్కకు జరిపింది.

'రుద్దాకు అవ్వా. రెండు కాళ్లూ వాస్తే నీరనుకోవచ్చు. ఒక్క కాలే వాచింది!'

ఆ రాత్రే కడప పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాప్లర్ స్కాన్‌లో తేలింది... తొడ లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టింది. డాక్టర్లు డీవీటీ అంటారు. అందులోంచి ఓ ముక్క ఊడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ఆయాసం, ఛాతీనొప్పి, ఒక్కోసారి క్షణాల్లో ప్రాణమే పోవచ్చు. వాచిన కాలిని రుద్దకూడదనేది అందుకే.

తప్పంతా అవ్వదేనా? కాదు. కాన్పులో నెత్తురు ఎక్కువ పోకుండా గర్భిణి రక్తానికి త్వరగా గడ్డకట్టే గుణాన్ని ప్రకృతే ఇస్తుంది. కాన్పయ్యాక ఆరు వారాలదాకా ఆ ముప్పు ఎక్కువే. పొత్తికడుపులో ఎడమ సిర మీదుగా ఓ ధమని వెళ్తుంది కాబట్టి గర్భిణులకు, బాలింతలకు ఎడమకాలికే ఈ బాధ ఎక్కువ. దానికి ఆపరేషన్, కదలని పడక తోడయ్యాయి. పిక్కలు కదిలితేనే కాళ్లలో రక్తం పైకెక్కేది. ఆ ఎండల్లో నీళ్లూ కరవైతే ఇంకేం! ఒకప్పుడు ఐరోపా వైద్యులే తల్లిపాలు కాలిలోకి దిగాయనుకుని దీన్ని 'పాలకాలు' అన్నారు. మన అవ్వను ఏమని తప్పుపడతాం?

మొదట హెపారిన్ ఇంజెక్షన్లు, తర్వాత వార్ఫరిన్ మాత్రలు. ఈ మాత్రది చిత్రమైన కథ. 1920ల్లో అమెరికా, కెనడాల్లో బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయేవి. ఆ గడ్డిలోని పదార్థం వెంటపడితే దొరికిన మందు ఇది. 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1954లో మనుషుల మందైంది. బిడ్డకు పాలివ్వొచ్చని డాక్టరు చెప్పాకగానీ ఇంటిల్లిపాదికీ ముద్ద దిగలేదు. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే తీరుగా తింటే చాలన్నారు. రక్తపరీక్షలకు మాత్రం తప్పకుండా రమ్మన్నారు.

ఇప్పుడా అమ్మాయి పొద్దునా సాయంత్రం వాకిట్లో వేపచెట్టుదాకా నడుస్తోంది. వెనకే బిడ్డనెత్తుకుని అవ్వ. మంచం పక్కన నిండు చెంబు.

ఆముదం గిన్నె మాత్రం అటకెక్కలేదు. బిడ్డ తలకు పనికొస్తుందట!