ఎర్ర చెడ్డీ, ఏకాక్షి మాంత్రికుడు

సూపర్‌మాన్ చెడ్డీ లోపల వేసుకోవాలా, బయట వేసుకోవాలా అన్నది తిరువూరులో తేలే వ్యవహారం కాదు. అయినా మొన్నొక సాయంత్రమంతా మా టీకొట్టు దగ్గర పంచాయితీ దాని మీదే నడిచింది. మామిడికాయల రేటు, ఎన్టీఆర్ జిల్లాలో కలిపాక మనకు ఒరిగిందేమిటి లాంటి నిత్యపారాయణాలన్నీ పక్కకు పోయాయి. వాదించుకున్నది విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకొచ్చిన మా వీధి కుర్రాళ్లిద్దరు.

"2011లో డీసీ కామిక్స్ వాళ్లు పాత కథంతా తుడిచేసి, 52 పుస్తకాలు ఒకటో నంబరు నుంచి మళ్లీ మొదలెట్టారు బాబాయ్. అప్పుడే ఆ ఎర్ర చెడ్డీ పీకేశారు. జనం ఊరుకుంటారా? 2018లో యాక్షన్ కామిక్స్ వెయ్యో సంచికకి మళ్లీ తొడిగారు" అని ఒకడు. "చెడ్డీదేముంది, రాసేవాడెవడు, గీసేవాడెవడు అది చూడాలి గానీ" అని రెండోవాడు. నా ఓటు రెండోవాడికే వేశాను. కాకపోతే వాడికీ తెలియని సంగతి ఒకటుంది. ఈ గొడవ మన ఇళ్లలో వాళ్ల తాతల కాలం నుంచీ ఉంది. అప్పట్లో మనకు రాసేవాడి పేరే తెలియదు, అంతే తేడా.

సినిమాల్లో మన సూపర్ హీరోలకు ఈ చిక్కులేమీ లేవు. 1980లో ఎన్టీ రామారావు సూపర్‌మాన్ అయితే శక్తి ఇచ్చింది ఆంజనేయస్వామి. 2024లో ప్రశాంత్ వర్మ 'హనుమాన్' తీస్తే తేజ సజ్జాకూ ఆయనే దిక్కు. మన దగ్గర హీరో మారతాడు గానీ ఆంజనేయుడు మారడు. రామాయణాన్ని ఎందరు తిరగరాసినా కాదనని జాతి మనది. కథ మార్చుకోండి, మాకేం అభ్యంతరం లేదంటాం. చెయ్యి మారిందా, అప్పుడు పట్టుకుంటాం.

పట్టుకోవడమంటే ఏమిటో చందమామ చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడు. ఆ బొమ్మ శంకర్‌ది. సీరియల్ పేజీ తిప్పితే గుర్రాలు, ఎముకల దండలు, గుహలోంచి తొంగిచూసే వికారాలు. అవి చిత్ర చేతివి. అట్ట మీద వడ్డాది పాపయ్య రంగులు. బొమ్మ మూలన చిన్న సంతకం ఉండేది కాబట్టి వీళ్ల పేర్లు పిల్లలక్కూడా తెలుసు. సంతకం వేలితో మూసి, ఇది ఎవరిదో చెప్పుకో అని పందేలు కాసేవాళ్లం. ఓడిపోవడం అరుదు.

కథ కింద మాత్రం సంతకం లేదు. 'తోకచుక్క'తో 1954లో మొదలుపెట్టి 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' రాసిన మనిషి దాసరి సుబ్రహ్మణ్యం. 'తోకచుక్క'లో ఏకాక్షి మాంత్రికుడికీ చతుర్నేత్రుడికీ మధ్య ఇరుక్కున్న సమరసేనుడు ఏమవుతాడోనని నెలంతా ఎదురుచూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరని? 1952 నుంచి అర్ధశతాబ్దం పైన ఆయన చందమామ ఆఫీసులో బల్ల ముందు కూర్చుని పనిచేశారు. పక్క బల్ల ముందు కొడవటిగంటి కుటుంబరావు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కథల్ని దిద్ది, అవసరమైతే మొత్తం తిరగరాసి, పత్రికంతా ఒకే గొంతుతో మాట్లాడేలా చేసిన సంపాదకుడు ఆయన. 'చందమామ భాష' అని ఈనాటికీ మురిసిపోతామే, అది ఈ మనిషి చేతి చలవ. అమెరికా కుర్రాళ్లు క్రియేటివ్ టీమ్ అంటారు. మనకూ ఉంది, తెర వెనక.

పేరు తెలియకపోయినా పాఠకుడు మోసపోలేదు. నడుమ దాసరి సీరియల్ ఆపి, పత్రిక స్థాపకుల్లో ఒకరైన చక్రపాణి అభిరుచి మేరకు బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వేశారు. బంకిం చిన్నవాడేం కాదు, తెనిగించిన తీరులోనూ వంక లేదు. కానీ ఆ పేజీల్లో మాంత్రికుడు లేడు, లోయ లేదు, వచ్చే నెలదాకా ప్రాణం ఉగ్గబట్టించే ఆ ఆఖరి వాక్యమూ లేదు. కొన్నాళ్లకు 'మాయాసరోవరం'తో జయశీలుడూ సిద్ధసాధకుడూ రంగంలోకి దిగాక గానీ చందమామ మళ్లీ చందమామ అనిపించలేదు.

పేర్లు మింగేయడంలో అమెరికా వాళ్లూ తక్కువ తినలేదు. సూపర్‌మాన్‌ను కన్న సీగెల్, షూస్టర్ అనే కుర్రాళ్లు 1938లో 130 డాలర్లకు హక్కులు రాసిచ్చేశారు. పేర్లు మళ్లీ పడేసరికి 1975 దాటింది. బ్యాట్‌మాన్‌కు సగం రూపం ఇచ్చిన బిల్ ఫింగర్‌కు ఆ గౌరవం 2015లో దక్కింది, పోయిన నలభై ఏళ్లకు. అసలు తమాషా స్పైడర్‌మాన్‌ది. 1987లో లక్షణంగా జరిగిన అతని పెళ్లిని, 2007లో ఓ దెయ్యంతో బేరం కుదిర్చి, జరగనట్టే చెరిపేశారు. పిన్నమ్మ ప్రాణం కోసం పెళ్లాన్ని వదులుకోవడం! ఆ కథ రాసిన స్ట్రాజిన్‌స్కీ, చివరి భాగాల మీద నా పేరు తీసేయమందామనుకున్నానని తర్వాత ఆయనే బయటపెట్టారు. దాసరి పేరు వెయ్యలేదు, ఈయన తన పేరు వద్దనుకున్నాడు. రెండు చోట్లా నిర్ణయం మాత్రం పైవాళ్లదే.

అదే 2007లో చందమామను ముంబై కంపెనీ జియోడెసిక్ కొంది. కొత్త హంగులొచ్చాయి, కాగితం నునుపెక్కింది. కొన్నేళ్లకే పత్రిక ఆగిపోయింది. హంగులు మార్చినందుకే మూతపడిందని నేననను, వ్యాపారం లెక్కలు వేరు. కానీ పాత పాఠకుడు కొత్త సంచిక చేతికి తీసుకుని ముందు వెతికింది శంకర్ బొమ్మనే. తొంభై ఆరేళ్లు బతికిన ఆ మహానుభావుడు 2020లో పోయారు. దాసరి 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు, మన తిరువూరు బస్సులు ఆగే ఊళ్లోనే. మనలో ఎందరికి తెలిసింది?

అభిమానుల గోలను చాదస్తమని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. చెడ్డీ కోసం పోట్లాడే కుర్రాడికి ఎవరి చెయ్యో ఆనవాలు పట్టే కన్ను ఉంది. ఆ కన్నున్నవాడే రేపు రాసినవాడి పేరు ఏదని అడుగుతాడు. అడగాలి కూడా.

దాసరి సీరియల్స్ ఇప్పుడు పుస్తకాలుగా వచ్చాయి. అట్ట మీద ఆయన పేరుంది. విజయవాడ వెళ్లినప్పుడు ఒకటి కొని, ఇంట్లో కామిక్స్ పిచ్చి ఉన్న పిల్లాడి చేతిలో పెట్టండి. 'తోకచుక్క'తో మొదలుపెట్టమనండి.