ఎండకాలం మొదట్ల చెట్టుకు కత్తెర పెట్టకుండ్రి

ఉగాది దాటింది. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఏప్రిల్‌లనే ఎండ 40 డిగ్రీలు దాటుతది. యాసంగి కోతలు, కల్లం పనుల నడుమ పెరడును ఎవ్వరం పట్టించుకోం. నేను పోయినేడు పట్టించుకున్న. అదే తప్పైంది.

మా ఇంటెనుక అమ్మ పెట్టిన నిమ్మచెట్టు ఉంది, పన్నెండేండ్లది. కింది కొమ్మలు నేలకు తాకుతున్నయి, తీసేస్తే సాఫ్‌గ కనపడతదని పండుగైన వారానికి కత్తెర పట్టిన. మొదలు సుట్టూ లోతుగ తవ్వి ఇంత యూరియా గూడ వేసిన. ఇరవై రోజులకు పడమటి దిక్కు బెరడు పగిలి లేచింది. అన్నేండ్లు కొమ్మల నీడల ఉన్న బెరడుకు ఒక్కసారే మధ్యాహ్నం ఎండ తగిలితే కాలిపోదా? తవ్వినప్పుడు మీది వేర్లు గూడ తెగినయి. సగం చెట్టు ఎండింది. అమ్మ ఒక్కటే మాట అన్నది, "ఎండకని అది కప్పుకున్న చెద్దరు నువ్వు గుంజేస్తివి గదరా."

ఈ ఏడు అమ్మ చెప్పినట్టే చేస్తున్న. మొదలుకు రెండు మూరల ఎత్తు దాంక సున్నం పూసిన, ఎండ తిరగగొడతది. పల్లికాయ పొట్టు నాలుగు వేళ్ల మందం పరిచిన. మొదలుకు ఆనించలేదు, జానెడు ఎడం ఇడిసిన. మన చెల్క నేలల్ల చెదలు ఊకోవు, వారానికోసారి పొట్టు లేపి చూడాలె. యూరియా పేరెత్తలేదు. బాగ మాగిన పశువుల ఎరువు గూడ వానలు పడినంక వేస్తం.

నీళ్లు పొద్దు మునిగినంకనే. ఇంకో సంగతి, ఎండల పడున్న నల్ల పైపుల నీళ్లు సలసల కాగుతయి. మొదటి రెండు బిందెలు పక్కకు పట్టి, సల్లారినంక పోయాలె. నా వంకాయ నారు ఒక సాలు అట్లనే ఉడికిపోయింది. బోరు తగ్గుతున్నప్పుడు పొలానికా పెరటికా అనే కొట్లాట ప్రతి ఇంట్ల ఉండేదే. మా ఇంట్ల బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ బెండకు, బీర తీగకు పోతయి. సర్ఫు నీళ్లు మాత్రం పోయం. పగిలిన రంజన్ అడుగు భాగం టమాట నడుమ పాతిపెట్టి నీళ్లు నింపి మూత పెట్టినం. రెండు మూడు రోజులు తడి ఆగుతున్నది. పడమటి దిక్కు అమ్మ పాత చీర అడ్డం కట్టినం. గంగవాయిలి కూరకు ఇవేం అక్కర్లేదు, అదే మొలుస్తది, అదే బతుకుతది.

నిన్న పొద్దున నిమ్మచెట్టు తూర్పు కొమ్మకు అమ్మ ఏడు పిందెలు లెక్కబెట్టింది. కత్తెర ఎక్కడ దాచిందో మాత్రం ఇంకా చెప్తలేదు.