తెర మీది అంకె

తెర మీద 0.8 అని పడగానే మా పీజీ విద్యార్థులు హమ్మయ్య అనుకుంటారు. నేను మాత్రం ప్రోబ్ ఇటివ్వమంటాను.

ముఖ ఎముకల సర్జరీలో నావిగేషన్ వాడాలంటే ముందు కంప్యూటర్‌లోని సీటీ స్కాన్‌కీ, బల్ల మీద పడుకున్న మనిషికీ పొత్తు కుదర్చాలి. దాన్నే రిజిస్ట్రేషన్ అంటాం. అది సరిగ్గా కుదిరితే ప్రోబ్ మొన ఏ ఎముక మీద ఆనిస్తే స్కాన్‌లోనూ అక్కడే చుక్క కనబడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ప్రోబ్‌నూ, పుర్రెకు బిగించిన ఫ్రేమునూ కనిపెట్టుకుని ఉంటుంది.

బైక్ మీంచి పడిన ఒక కుర్రాడు వచ్చాడు. హెల్మెట్ ఉంది, పెట్రోలు ట్యాంకు మీద. కంటి గుంట అడుగు విరిగి, పైకి చూస్తే ఒకటి రెండుగా కనబడుతోంది. అక్కడ టైటానియం మెష్ పెట్టాలి. దాని వెనక అంచు విరగకుండా మిగిలిన చిన్న ఎముక గట్టు మీద ఆనాలి. ఆనకపోతే కన్ను లోపలికి పోతుంది. గట్టు దాటి ఇంకాస్త వెనక్కి జరిగితే కంటి నరం. “కంప్యూటర్‌తో చేస్తారంట గదా సార్, ఇంక భయం లేనట్టేనా?” అని వాళ్ళమ్మ అడిగింది.

రిజిస్ట్రేషన్‌కు గుర్తులుగా ముఖానికి స్టిక్కర్లు అంటించి స్కాన్ తీసిన రోజున బుగ్గ బాగా వాచి ఉంది. ఆపరేషన్ నాటికి వాపు దిగింది. స్టిక్కర్లు అంటించిన చోటే ఉన్నాయి గానీ వాటి కింది చర్మం జారింది. మత్తు ట్యూబుకు వేసిన ప్లాస్టరు దాన్ని ఇంకాస్త లాగింది. తెర మాత్రం 0.8 మిల్లీమీటర్లనే చెప్పింది. ప్రోబ్‌ను కంటి గుంట కింది అంచు మీద ఆనిస్తే చుక్క ఎముకలోకి దిగి కనబడింది.

అంకె అబద్ధం చెప్పలేదు. స్టిక్కర్లు స్కాన్‌లోని తమ స్థానాలతో ఎంత బాగా సరిపోయాయన్నదే అది చెబుతుంది. అన్నీ ఒకే వైపు జరిగితే అప్పుడూ అంకె చిన్నదే. ఆ అంకెకూ, మనం పనిచేసే చోట ఉండే అసలు తేడాకూ సంబంధం లేదని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిట్జ్‌ప్యాట్రిక్ 2009లో లెక్కలతో చూపించారు. ఆ పేపరు మా డిపార్ట్‌మెంట్‌లో అందరి చేతా చదివిస్తాను. చదివాక కూడా అంకెనే చూస్తారు, అది వేరే సంగతి.

ఆ రోజు స్టిక్కర్లను పక్కనబెట్టి, వాపు తాకని నుదురు, ముక్కు దూలం ఆధారంగా రిజిస్ట్రేషన్ మళ్ళీ చేశాం. పై పళ్ళ మొనల మీదా, కంటి గుంట అంచు మీదా ప్రోబ్ పెట్టి సరిచూసుకున్నాకే మెష్ పెట్టాం.

పై పళ్ళ మీద బిగుతుగా కూర్చునే స్ప్లింట్‌లో గుర్తులు పెట్టే పద్ధతి నాకిష్టం. చర్మం జారుతుందన్న బెంగ ఉండదు, పై దవడ పనికి భేషుగ్గా ఉంటుంది. కానీ అదే స్ప్లింట్‌ను నమ్ముకుని కంటి గుంట పైకప్పు దాకా వెళితే కథ మారుతుంది. తలుపు బందు దగ్గర వేలెడంత కదలిక రెక్క చివర జానెడవుతుంది కదా, ఇదీ అంతే: పళ్ళ దగ్గర ఒక డిగ్రీ ఒరిగితే 6 సెంటీమీటర్ల అవతల మిల్లీమీటరు తేడా వస్తుంది. అందుకే గుర్తులు మనం పనిచేసే చోటు చుట్టూ ఉండాలి, ఒకే వరసలో ఉండకూడదు. పళ్ళు లేని పెద్దవాళ్ళకు స్ప్లింట్ కుదురుగా నిలవదు. వాళ్ళకు ఎముకలోనే చిన్న స్క్రూలు వేయడం మేలు. అన్నిటికన్నా నికరమైన పద్ధతి అదే, కాకపోతే స్కాన్‌కు ముందే ఇంకో చిన్న కోత.

కింది దవడది వేరే తంటా. పుర్రెకు బిగించిన ఫ్రేమును కెమెరా చూస్తుంటుంది, దవడేమో తన మానాన కదులుతుంది. పై పళ్ళకు తీగలతో కట్టేస్తే కదలదు గానీ, కట్టేశాక పని చేసుకోవడానికి చోటుండదు. కాలి ఎముకతో దవడ కట్టే కేసుల్లో నేను నావిగేషన్ జోలికే పోను. ముందే త్రీడీ ప్రింట్ చేయించిన గైడ్ ఎముక మీద సరిగ్గా కూర్చుంటుంది, కోత ఎక్కడ పెట్టాలో అదే చూపిస్తుంది. కెమెరాతో పనే లేదు.